ఉప్పు పద్దు

ఈ దేశంలో డబ్బుని లారీ అంటారు.
నా భాషలో లారీ అంటే బరువులు మోసే బండి.
కుతాయిసిలో మాత్రం
లారీలని మనుషులు మోస్తారు.

మక్వాలా మోసింది.
నెలకి నూట పద్దెనిమిది చొప్పున
ముప్పై ఆరు నెలలు.
జుంబెర్ నడిపే వ్యాను
రియోని వంతెన నడిమధ్య, పదకొండు మంది ప్రయాణికులతో
గేర్‌బాక్స్ విరిగి కూలబడ్డ రోజున
బ్యాంకు నవ్వుతూ ఇచ్చింది మూడువేలు.
నవ్వు ఆపేసరికి అది
నాలుగువేల రెండువందల నలభై ఎనిమిది.

వంటింటి అలమరలో మూడు టమాటా డబ్బాలు.
ఒకటి గ్యాసుకి, ఒకటి కరెంటుకి,
మూడోది ఏడో తారీకుకి.
గ్యాసు డబ్బా కరెంటు డబ్బా దగ్గర చేబదులు తీసుకునేది,
కరెంటు డబ్బా పిల్లాడి బూట్ల దగ్గర.
ఏడో తారీకు డబ్బా జోలికి మాత్రం ఎవరూ పోలేదు,
లమారా ముసలామె దగ్గుమందు అయిపోయిన రాత్రి కూడా.
ఆ రాత్రి గురించి ఆ ఇంట్లో మాట్లాడుకోరు.

చలికాలమంతా ఒక్క గదే వెచ్చన.
అందులోనే ఇలికో ఎక్కాలు,
అందులోనే తాడు మీద తడి మేజోళ్ళు,
అందులోనే ఆలుమగల గొడవ, గొంతు తగ్గించి.
అక్క పంపిన అక్రోట్లు
సంచీ విప్పకుండానే సంతకి పోయేవి,
చిక్కుడు గింజలు ఇంట్లో మిగిలేవి.
సోమవారం లోబియో, గురువారం లోబియో,
శనివారం పేరు మార్చుకున్న లోబియో.
"పూర్వం దీన్ని రాజులు తినేవాళ్ళు" అంది లమారా.
"అందుకే ఇప్పుడు రాజులు లేరు" అన్నాడు ఇలికో.
ఆ నెల ఇంట్లోకి ఊరికే వచ్చింది
ఆ నవ్వొక్కటే.

వీధి చివర త్సిత్సినో కొట్టు.
గళ్ళ నోటుపుస్తకంలో వాడకట్టు మొత్తం ఆకలి
తారీకులవారీగా ఉంటుంది.
నూనె. సబ్బు. పంచదార అరకిలో.
ఉప్పు.
మళ్ళీ ఉప్పు.
రెండ్రోజులకోసారి ఉప్పు.
కొట్లో కిలో ఉప్పు ఒక లారీ,
ఈ ఇంటి పేజీలో మాత్రం అయిదున్నర.
సిగరెట్ పెట్టెని అలా రాయించుకుంటున్నాడని
మక్వాలాకి మొదటి వారమే తెలుసు.
రొట్టెల బట్టీలో తెల్లారి నాలుగింటికి
మట్టిగోడకి పిండి అంటిస్తూ
చేతుల వెంట్రుకలు కాల్చుకునే మనిషికి
పొగ వాసన ఎవరూ చెప్పక్కర్లేదు.
అడగలేదు.
వంతెన మీద వ్యాను దిగి అతను నిలబడ్డ తీరు చూసింది.
ఉండనీ, ఏదో ఒకటి, అనుకుంది.
ఏడాది తిరిగాక వరసలు చదవడం మానేసింది,
పేజీ అడుగున మొత్తం చూసి
ఉన్నంత ఇచ్చి వచ్చేసేది.

ఈ ఏడో తారీకున బ్యాంకులో ఆఖరి సంతకం.
గుమాస్తా తలెత్తలేదు.
అభినందనలన్న మాట రసీదు మీదే అచ్చయి ఉంది,
పక్కనే ఇంకో అప్పుకి అర్హులన్న మాట.
రసీదు మడిచి సంచిలో వేసుకుని
త్సిత్సినో దగ్గర మిగిలిన ఇరవై మూడూ కట్టేసింది.
పేజీలు కొట్టేస్తుంటే
తొలిసారి వెనక్కి చదివింది.
సబ్బు, నూనె, నూనె, పెన్సిలు,
గోధుమపిండి, సబ్బు.
నెల వెనక నెల.
ఉప్పు లేదు.
పద్నాలుగో నెల దాకా వెళ్తే అక్కడ,
మే నెల మంగళవారం,
ఆఖరి అయిదున్నర.

"ఆ రోజునుంచి ఈ గుమ్మంలో నిలబడేవాడు" అంది త్సిత్సినో.
"రొట్టె తీసుకునేవాడు. పెట్టెలకేసి చూసేవాడు.
ఆ తర్వాత చూడ్డం కూడా మానేశాడు."

ఆ మే నెలలో తను ఏమందో
గుర్తు తెచ్చుకోడానికి ప్రయత్నించింది మక్వాలా.
చిన్న విషయానికి అరుస్తావేమని
అతన్ని తిట్టింది. అది గుర్తుంది.
కోటు జేబులు వెతకడం కూడా.

ఒక కిలో ఉప్పు కొంది. రాళ్ళుప్పు, నగదుకి.

రాత్రి బల్లమీద పెట్టింది.
జుంబెర్ పొట్లం చూశాడు, ఆమెని చూశాడు,
చెవులు ఎర్రబడ్డాయి.
"ఎంత?" అన్నాడు.
"ఒక్క లారీ."
"ధర తగ్గిందే."
"నువ్వు కొనడం మానేశావుగా."

లోబియోలో ఉప్పు కాస్త ఎక్కువైంది.
ఎవరూ ఏమీ అనలేదు.
బయట వాకిట్లో వ్యాను. మొన్నటినుంచి
మూడో గేరు వేస్తే ఏదో గొణుగుతోంది.